కొడవలి ఎత్తు

షుగరు తగ్గాలంటే నడవమన్నాడు డాక్టరు.
కొండెక్కమని చెప్పలేదు.
నేనే, రోహిణి కార్తెలో,
రోళ్లు పగిలే ఎండకంటే ముందే లేచి
సిద్ధవటం దాటి లంకమల కిందికొచ్చి నిలబడినా.

దారి చూపేదానికి చెన్నకేశులన్న వచ్చినాడు,
అడివి వాచరు. నా భుజానికి ఉంటాడు మనిషి.
చేతిలో కొడవలి,
తడిగోనె చుట్టిన నీళ్ల సీసా,
ఒక చెప్పుకు బైండింగు తీగ.
"మాట్లాడొద్దు మేడం, ఊపిరి దాసిపెట్టుకో,
పైన అంగళ్లుండవు" అన్నాడు.

మొదట అది దారిలాగే ఉండింది.
ఆవుల గిట్టలు, ఎండిన పేడ, ఒక బీడీ పీక.
వంక దాటినాక బోదగడ్డిలో మునిగిపోయింది.
తర్వాత రాళ్లు.
తర్వాత, నిలకడ లేని రాళ్లు,
కాలు పెడితే జారిపోయి
చాలాసేపటికి కింద ఎక్కడో పలికేవి.
రెండు చేతులూ వాడినా. మోకాళ్లూ వాడినా.
ఒకచోట గడ్డం కూడా.

కలివి పొదలకు నా మీదే పగ.
ఎడమ చెయ్యంతా గీతలు, కుడి చెయ్యి శుభ్రం.
జుట్టులో ముళ్లు, నుదుటి మీద కొమ్మ దెబ్బ.
ముందర పోయే ఆయనకు ఒక్క ఆకూ తగల్లేదు.

ఎర్రచందనం కింద కూర్చున్నాం.
అది నీడ కాదు, జల్లెడ.
సంగటి ముద్ద విప్పుతా చెప్పినాడు:
ఏడాదికి రెండుసార్లు ఈ దారి కొట్టేది తనొక్కడే.
ఎడమ భుజం పైకి లేవదు, ఎలుగుబంటి పుణ్యం.
దిగేటప్పుడు కొడవలి నడుముకు దోపుకుంటాడు,
రాళ్లు పట్టుకోను చేతులు కావాల గదా.

అదీ సంగతి.
కుడిపక్క నున్నగా, ఎడమపక్క అడివి అట్లే,
పైన ఆయన చెయ్యి అందినంత ఎత్తే ఆకాశం.
పొద్దున్నుంచి నేను నడిచింది
కొండమీద కాదు,
ఈ మనిషి కొలతల్లో.

"జీతమెంతన్నా?" అడిగినా, ఏదో ఒకటి అడగాలని.
"వస్తే తొమ్మిది వేలు. రాక ఏడు నెల్లాయె.
బిల్లు బద్వేలు ట్రెజరీలో కూసోనుండాదంట.
ఎవరో కొర్రీ ఏసినారు,
ఏలిముద్ర పక్కన సాచ్చి సంతకం లేదని."

ఊరిబిండి కారం గొంతులోనే నిలిచిపోయింది.
ఆ కొర్రీ నాకు గుర్తుంది.
మార్చి నెలాఖరు, కరెంటు లేని మధ్యాహ్నం,
ఎర్ర ఇంకు, నా గుండ్రటి అక్షరాలు.
రాసి, ఫైలు మూసి, టీ తాగినా.

నేనెక్కడ పనిచేసేదీ ఆయనడగలేదు.
నేను చెప్పలేదు.
నీళ్లు తాగినా, ఆయన సీసాలోవే.

పైన కోనలో చెలమ ఎండిపోయింది,
అరచెయ్యంత తడి మిగిలింది.
ఇసుక తోడి, కొబ్బరిచిప్ప పెట్టి,
అది నిండేదాకా ఎవరూ ఏమీ అనలేదు.
కింద పెన్న కనబడతాంది, అంతా ఇసుకే,
నడుమ ఆరేసిన తువ్వాలంత నీళ్లు.
మొదటి చిప్ప బండమీద పోసినాడు.
"తేనెటీగలు పొద్దున్నుంచి కాసుకోనుండాయి,
మనం ఇప్పుడే గదా వచ్చింది."

దిగేటప్పుడు ఎడమ కుడైంది.
గీతలు రెండో చేతికీ పడి
లెక్క సరిపోయింది.
సిద్ధవటంలో బస్సెక్కేటప్పుడు
ఐదొందలు చేతిలో పెట్టబోతే
రెండొందలు ఉంచుకుని మిగతాది తిరిగిచ్చినాడు,
మాట అనుకున్నది అంతేనని.

సోమవారం ఆఫీసు వాకిట్లో
తల వంచి లోపలికి పోయినా.
అటెండరు వీరనారప్ప నవ్వినాడు:
"ఏం మేడం, మన తలుపు అంత పొట్టిదా?"

వెనక్కి పంపాల్సిన ఫైళ్లు
బీరువా పక్కన, కింది అరలో ఉంటాయి.
ఇంకా వంగినా.